'అన్‌కట్' అంటే 'కోత లేనిది' అనొచ్చా?

నిన్న మన గుంపులో ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అమెరికాలో అనిమే (జపాన్ బొమ్మల సీరియళ్ళు) క్యాసెట్లు, డీవీడీల మీద వ్యాసం రాస్తున్నా. టీవీ కోసం మార్చిన 'ఎడిటెడ్'ని 'కోసిన డబ్బింగ్', ఆ మార్పులు లేని 'అన్‌కట్'ని 'కోతలు లేని డబ్బింగ్' అంటే సరిపోతుందా?" కామెంట్‌లో ఇమడదని విడిగా రాస్తున్నాను.

వద్దు తమ్ముడూ. 'కోత' అనగానే మనకు వరి కోత, కరెంటు కోత గుర్తొస్తాయి. బహువచనం చేసి 'కోతలు లేని' అంటే గొప్పలు చెప్పుకోనిది అన్నట్టు వినిపిస్తుంది. పోనీ 'కత్తెర పడని' అందామా అంటే సెన్సారు బోర్డు మనసులోకి వస్తుంది. అక్కడ ఈ మార్పులు చేసింది ప్రభుత్వ బోర్డు కాదు, హక్కులు కొన్న కంపెనీలు, వాటి దగ్గర కార్యక్రమాలు కొనుక్కున్న టీవీ వాళ్ళు. అయితే నా అసలు అభ్యంతరం ఇది కూడా కాదు.

డ్రాగన్ బాల్ జీ అనే అనిమే తీసుకో. 1996లో హక్కులు కొన్న ఫ్యూనిమేషన్ కంపెనీ, సబాన్ అనే ఇంకో కంపెనీతో కలిసి దాన్ని అమెరికా టీవీకి తెచ్చినప్పుడు మొదటి 67 ఎపిసోడ్లు 53కి కుదించారు. పిల్లలు చూసే వేళలో వేయాలి కాబట్టి రక్తం కనిపించకూడదు, ఎవరైనా చచ్చిపోతే 'ఇంకో లోకానికి వెళ్ళాడు' అనాలి. సరే, 14 ఎపిసోడ్ల మేర బొమ్మ పోయింది, మరి ఆ పోయిన భాగానికి ఇంగ్లీషు డబ్బింగ్ ఎక్కడుంది? ఎక్కడా లేదు! మనం తెలుగులో డబ్బింగ్ 'చెప్పడం' అంటాం కదా, ఆ సీన్లకు ఎవరూ చెప్పనేలేదు. కోయాలంటే ముందు నిండుగా ఒకటి ఉండాలి. జపాన్ బొమ్మను కోశారు, నిజమే, కానీ ఇంగ్లీషు డబ్బింగ్ పుట్టడమే పొట్టిగా పుట్టింది. 'కోసిన డబ్బింగ్' అనే మాట దగ్గర నేను ఆగిపోయేది అందుకే.

వ్యాపారం లెక్క కూడా ఇక్కడే ఉంది. ఆ మొదటి భాగాన్ని పయనీర్ కంపెనీ క్యాసెట్ల మీద అమ్మినప్పుడు టీవీలో వచ్చిందే అమ్మింది, ఎందుకంటే దానికి గొంతులు, సంగీతం, అన్నీ అప్పటికే తయారై ఉన్నాయి. పూర్తిది అమ్మాలంటే నటుల్ని మళ్ళీ పిలిచి మిగిలిన సీన్లు చెప్పించాలి, డబ్బులు మళ్ళీ పెట్టాలి. పైగా వాళ్ళు కెనడాలోని వాంకూవర్ నటులు, 1999 నుంచి ఫ్యూనిమేషన్ టెక్సాస్‌లోని తన సొంత నటులతో చెప్పించడం మొదలుపెట్టింది. అప్పట్నుంచి వచ్చిన ఎపిసోడ్లకు ఎడిటెడ్ క్యాసెట్, అన్‌కట్ క్యాసెట్ అని రెండు రకాలూ అమ్మారు, క్యాసెట్‌లో ఒక్క డబ్బింగే పడుతుంది కాబట్టి రెండు పెట్టెలు కావాల్సి వచ్చింది. మొదటి 67 మాత్రం 2005 దాకా ఆగాయి, అప్పుడు కూడా పాత డబ్బింగ్‌కి అతుకులు వేయలేదు, టెక్సాస్ వాళ్ళతో మొత్తం కొత్తగా చెప్పించారు. అంటే అట్ట మీద 'అన్‌కట్' అని ఉన్నా, లోపల ఉన్నది అంతకుముందు ఎవరూ వినని డబ్బింగ్. పాత గొంతులతో పెరిగిన పిల్లలకు అది ఎంత పరాయిగా అనిపించి ఉంటుందో ఆలోచించు.

ఇంకొకటి, ఇది భాషా గుంపు కాబట్టి తప్పకుండా చెప్పాలి. అదే సీరియల్లో నరకంలో ఉండే రాక్షసుల చొక్కాల మీద ఇంగ్లీషులో 'హెల్' అని ఉంటుంది. అమెరికా టీవీకి ఆ మాట పనికిరాదు. అప్పుడు 'ఇ' అక్షరం అడుగు గీత చెరిపి 'ఎఫ్' చేశారు, పక్కనున్న 'ఎల్' అడుగు గీత చెరిపి 'ఐ' చేశారు, అలా వచ్చిన నాలుగక్షరాలకు 'హోమ్ ఫర్ ఇన్ఫినిట్ లూజర్స్' అని అర్థం కల్పించారు. రెండు గీతలు చెరిపి ఒక లోకం పేరే మార్చేశారు! వన్ పీస్ అనే ఇంకో అనిమేని 4కిడ్స్ అనే కంపెనీ టీవీకి తెచ్చినప్పుడు అందులో సాంజీ అనే పాత్ర నోట్లో సిగరెట్టు లాలీపాప్ అయింది, 143 ఎపిసోడ్లు 104 అయ్యాయి. యూ-గి-ఓ అనే మరో అనిమేకి సంగీతం కూడా మార్చేశారు, అందుకే దాని అన్‌కట్ డీవీడీలకు మళ్ళీ డబ్బింగ్ చెప్పించాల్సి వచ్చింది, అది మూడు డిస్కులతోనే ఆగిపోయింది. వీటిలో ఏది కోత? బొమ్మ మీద బొమ్మ వేశారు, మాట మీద మాట వేశారు. ఇంగ్లీషు మాటే ఇక్కడ సరిపోవడం లేదు, దాన్ని మనం మక్కీకి మక్కీ దించుకోవడం ఎందుకు?

నా సూచన: 'టీవీ ప్రతి', 'పూర్తి ప్రతి'. ఎందుకు మార్చారో మొదటి మాటలోనే ఉంది, టీవీ కోసం. 'ప్రతి' మనకు తాళపత్రాల నుంచి ఉన్న మాట, ఒకే రచనకు నాలుగు ప్రతులుంటే ఎవరికీ వింతగా ఉండదు.

(కింద ఒక అమ్మగారు 'పరిష్కృత ప్రతి', 'సమగ్ర ప్రతి' అనొచ్చు కదా అన్నారు, దానికి జవాబు ఇక్కడే.)

అమ్మా, 'సమగ్ర' నాకూ ఇష్టమే. 1910లో బెంగళూరు నాగరత్నమ్మగారు ముద్దుపళని కావ్యం 'రాధికా సాంత్వనం'ని, అంతకుముందు అచ్చులో వదిలేసిన పద్యాలతో సహా అచ్చు వేయించిన పనికి ఆ మాట అక్షరాలా తగుతుంది. కానీ 'పరిష్కృత' దగ్గరే ఇబ్బందండీ. పరిష్కరణ అంటే తప్పులు దిద్ది మెరుగుపరచడం, పండితుడు ప్రతులన్నీ ముందేసుకుని చేసే పని. టీవీ స్లాట్ కోసం చొక్కా మీద గీతలు చెరపడాన్ని ఆ మాటతో పిలవడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

తమ్ముడూ, అట్టల మీద 'అన్‌కట్' అని వేసేవాళ్ళని వ్యాసంలో ఒకసారి చెప్పేసి, అక్కడి నుంచి 'పూర్తి ప్రతి' వాడు. పక్కనే ఏ ఏడాదిది, ఏ ఊరి నటులు చెప్పింది అన్నది కూడా రాయి, డ్రాగన్ బాల్ జీ విషయంలో అది లేకపోతే చదివేవాళ్ళకు నువ్వు ఏ డబ్బింగ్ గురించి మాట్లాడుతున్నావో తెలియదు.