ప్రింటర్ కదలగానే కంప్యూటర్ ఆగిపోతోంది: తప్పు పవర్ సప్లైదేనా?

ప్రశ్న, కావలి నుంచి:
నాన్నగారి జిరాక్స్ కొట్టులోని కంప్యూటర్ ఆరేళ్లు నమ్మకంగా పనిచేసింది. పది రోజులుగా లేజర్ ప్రింటర్ కదలగానే ఠక్కున ఆగిపోతోంది. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను, ఫలితం లేదు. హాల్ టికెట్ల కోసం పిల్లలు వరుసలో నిలబడితే నా ప్రాణం విలవిల్లాడుతోంది. పోయింది మదర్‌బోర్డా, పవర్ సప్లైయా?

జవాబు, ఒంగోలు నుంచి:
బోర్డును అప్పుడే అనుమానించకండి. లేజర్ ప్రింటర్ వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, లైనులో వోల్టేజీ క్షణకాలం పడిపోతుంది. మంచి పవర్ సప్లై (కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే డబ్బా) తన కెపాసిటర్లలోని, అంటే కరెంటు దాచుకునే భాగాల్లోని, నిల్వతో ఆ క్షణాన్ని దాటేస్తుంది. అరిగిపోయినది దాటలేదు. ముందు ప్రింటర్‌ను వేరే లైనుకు మార్చండి. తర్వాత కంప్యూటర్ పనిలో ఉండగా వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌తో పవర్ సప్లై నుంచి వచ్చే పసుపు తీగ చూడండి. 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి. ఎరుపు తీగకు 4.75 నుంచి 5.25. అయితే క్షణకాలపు పతనాన్ని మామూలు మీటరు పట్టలేదు, అంకెలు సరిగ్గా ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి.

జవాబు, కొత్తపట్నం నుంచి:
తమ్ముడూ, పవర్ సప్లై డబ్బా మాత్రం విప్పవద్దు. ప్లగ్గు తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ మిగిలి ఉండవచ్చు.

కావలి నుంచి:
అన్నా, విప్పలేదు. ప్రింటర్‌ను వెనుక గది లైనుకు మార్చాక కంప్యూటర్ సాయంత్రం దాకా ఆగలేదు. కానీ పసుపు తీగ మీద 11.2 చూపిస్తోంది. రేపు కొట్టు తెరిచేలోపే కొత్త పవర్ సప్లై బిగిస్తాను.