పాస్‌వర్డ్ తీసుకుంటుంది, డెస్క్‌టాప్ రాదు: లైనక్స్ మింట్ 21.3

మాది భీమవరం దగ్గర. మొన్న రాత్రి అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోయింది. అప్పటినుంచి సిస్టమ్ ఆన్ చేస్తే లాగిన్ స్క్రీన్ వరకు బాగానే వస్తోంది. పాస్‌వర్డ్ కొట్టి ఎంటర్ నొక్కగానే నల్ల తెర, మధ్యలో మౌస్ బాణం, రెండు సెకన్లకు మళ్లీ అదే లాగిన్ స్క్రీన్. తప్పు పాస్‌వర్డ్ కొడితే మాత్రం తప్పని చెబుతోంది.

నాది లైనక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో సినమన్ అనే డెస్క్‌టాప్ ఉన్న ఎడిషన్, లాగిన్ స్క్రీన్ చూపించే ప్రోగ్రామ్ లైట్‌డీఎం, ఇంటెల్ గ్రాఫిక్స్. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 నొక్కి, కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో అదే పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లగలుగుతున్నాను. అక్కడినుంచే ఆగిపోయిన అప్‌డేట్ పూర్తి చేశాను. డిస్క్ 41 శాతమే నిండింది. హోమ్ ఫోల్డర్ ఓనర్‌షిప్ నా పేరు మీదే ఉంది. గ్రాఫిక్ తెర వాడే అనుమతి ఉండే డాట్ ఎక్స్‌అథారిటీ ఫైల్ పేరు మార్చి రీస్టార్ట్ చేశాను. లైట్‌డీఎం, సినమన్ రెండూ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. దేనికీ మార్పు లేదు. లాగిన్ తర్వాత వచ్చే ఎర్రర్లు నమోదయ్యే ఎక్స్‌సెషన్ ఎర్రర్స్ ఫైల్ చివర్లో సినమన్ సెషన్ మొదలై వెంటనే ఆగినట్టుంది, కారణం కనబడలేదు.

టెర్మినల్‌లోనే కొత్త యూజర్‌ని చేస్తే దానికి డెస్క్‌టాప్ చక్కగా వచ్చింది. అది చూశాక కొంచెం ఊపిరి పీల్చుకున్నాను, అంటే తేడా నా పాత యూజర్ సెట్టింగుల్లోనే ఉండాలి. రొయ్యల చెరువుల మేత లెక్కలన్నీ ఆ హోమ్ ఫోల్డర్‌లోనే ఉన్నాయి. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ తీశాను కానీ, మొత్తం ఫార్మాట్ చేయడం నాకిష్టం లేదు.

సెట్టింగులుండే డాట్ కాన్ఫిగ్, తాత్కాలిక ఫైళ్లుండే డాట్ క్యాష్ ఫోల్డర్లలో ముందుగా ఏ ఫైల్‌ని పక్కకు జరిపితే పాత యూజర్‌కి డెస్క్‌టాప్ తిరిగి వస్తుంది?