కౌన్సిల్ ఎన్నికల్లో పర్యావరణ హామీలు: ఎవరిని నమ్మాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా వార్డులో ముగ్గురు నిలబడ్డారు, ముగ్గురి కరపత్రాలూ ముందేసుకుని రెండు రోజులుగా చూస్తున్నాను. ఈసారి నా ఓటు గాలి, నీళ్లు, చెత్త, ఈ మూడింటిని బట్టే. మా పాపకు ఆయాసం ఉంది, పక్క ఖాళీ స్థలంలో ఎవరైనా చెత్త తగలబెట్టారంటే ఆ రాత్రి దానికి నిద్ర ఉండదు, నాకు టెన్షన్. మొదటి ఆయన పదివేల మొక్కలు నాటిస్తానంటున్నారు. రెండో ఆవిడ తడి చెత్త, పొడి చెత్త వేరువేరుగా తీసుకెళ్లే ఏర్పాటు చేస్తారట. మూడో ఆయన ఊరి చివర ఫ్యాక్టరీ మూయించేస్తానని రాశారు. ఇందులో నిజంగా జరిగే పని ఏది?

జవాబు 1

ముందు కౌన్సిల్ చేతిలో ఏముందో చూడండి. ఫ్యాక్టరీకి అనుమతి ఇచ్చేదీ తీసేసేదీ చాలా చోట్ల పై ప్రభుత్వమో, కాలుష్యాన్ని చూసే దాని సంస్థో. కౌన్సిలర్ ఫిర్యాదు పెట్టగలరు, సభలో తీర్మానం చేయించగలరు, అంతేగానీ తాళం వేయించలేరు. చెత్త, మురుగు కాలువలు, పార్కులు, వీధి దీపాలు మాత్రం మామూలుగా కౌన్సిల్ పనులే. పాత సోడియం దీపాల స్థానంలో ఎల్‌ఈడీలు పెడితే కరెంటు దాదాపు సగం తగ్గుతుంది, అలాంటి హామీ ఎవరైనా ఇచ్చారా చూడండి. ఆ మూడో ఆయన్ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

జవాబు 2

నేను పారిశుద్ధ్య విభాగంలో పన్నెండేళ్లు పనిచేశాను కాబట్టి చెత్త గురించి చెప్తాను. వేరుగా తీసుకెళ్తాం అన్న మాట ఒక్కటే చాలదండి. జనం ఇంట్లో కష్టపడి రెండు డబ్బాల్లో వేస్తారు, బండి వచ్చి రెండూ ఒకే చోట గుమ్మరించుకుని పోతుంది, అది కళ్లారా చూశాక ఎవరూ మళ్లీ వేరు చెయ్యరు. నేను చూసిన చోట సరిగ్గా అలాగే పాడైంది, జనాన్ని మళ్లీ నమ్మించడానికి మాకు ఏళ్లు పట్టింది. అందుకే ఆవిడను బండిలో అరలు ఉంటాయా, తడి చెత్త చివరికి ఎక్కడికి చేరుతుంది, కంపోస్టు ఎవరు చేస్తారు అని అడగండి. తడి చెత్త గుట్టలో పూడితే గాలి అందక కుళ్లి మీథేన్ వస్తుంది, ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడిని పెంచుతుంది. ఇటలీలో మిలాన్ 2012లో ఇళ్ల నుంచి ఆహార వ్యర్థాలు విడిగా తీయడం మొదలుపెట్టి 2014 కల్లా ఊరంతా విస్తరించింది, అంటే పెద్ద ఊళ్లోనూ అయ్యే పనే. మీ పాప విషయానికొస్తే, చెత్త వేళకు తీసుకెళ్లే వీధిలో తగలబెట్టడం దానంతట అదే తగ్గుతుంది, నా అనుభవం ఇది.

జవాబు 3

మొదటి జవాబుతో నేను పూర్తిగా ఒప్పుకోను. పెద్ద హామీ అని కొట్టిపారేయకూడదు. సియోల్‌లో 2002 మేయర్ ఎన్నికల్లో ఫ్లైఓవర్ రోడ్డు కూల్చి దాని కింద కప్పేసిన వాగును తిరిగి తెస్తానని లీ మ్యుంగ్-బాక్ చెప్పారు, గెలిచారు, 2005 కల్లా ఆ చొంగెచొన్ వాగు తెరిచేశారు. కాకపోతే అందులో పారే నీళ్లలో ఎక్కువ భాగం మోటార్లతో తోడి పోసేవే, ఆ ఖర్చు ఏటా ఉంటుంది. అందుకని ఎవరినైనా కట్టాక, నాటాక దాన్ని ఎవరు చూసుకుంటారు, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుంది అనే అడగాలి. మొక్కలాయన్నీ అదే అడగండి, మొదటి రెండు మూడేళ్లు నీళ్లు పోసే మనిషి లేకపోతే చాలా వరకు ఎండిపోతాయి. పదివేలు వద్దు, బతికించగలిగినన్నే నాటమనండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ చాలా థాంక్స్. ఇవాళ పొద్దున ఆవిడ మా వీధికి వస్తే పట్టుకుని అడిగాను. బండిలో రెండు అరలు పెట్టిస్తామన్నారు, కంపోస్టుకి మాత్రం ఇంకా స్థలం చూడలేదని ఉన్నదున్నట్టు చెప్పారు, ఆ మాట నాకు నచ్చింది. ఖాళీ స్థలంలో మంటల గురించి చెప్తే నాతో పాటు వచ్చి చూశారు, బూడిద ఇంకా అక్కడే ఉంది. మొక్కలాయన ఆదివారం వస్తారట, నీళ్లెవరు పోస్తారో అడుగుతాను.