సివిలైజేషన్ 7: ఎనిమిదేళ్ల ఎదురుచూపులకు తగిన ఆటేనా?

కోటగోడ

సివిలైజేషన్ 7 కంప్యూటర్ ఆట 2025 ఫిబ్రవరి 11న వచ్చింది. ఆ వారమే రాసి ఉంటే కోపంలో రాశాడని కొట్టిపారేసేవారు, అందుకే ఆగాను. ఇప్పుడు ప్యాచ్‌లు (లోపాలు సరిదిద్దే కూర్పులు) వచ్చాయి. మొదట్లో లేని పెద్ద మ్యాప్‌లు వచ్చాయి. గెలిచాక కూడా 'ఇంకొక్క టర్న్' ఆడుకునే వీలు వచ్చింది. (ఆ వీలు లేకుండా ఈ వరుసలో ఒక ఆటను అమ్మకానికి పెట్టాలని ఎవరికి తోచిందో మరి!) ఇంత జరిగాక కూడా నా మాట ఒకటే. ఇది మంచి వ్యూహక్రీడే కావచ్చు, సివిలైజేషన్ మాత్రం కాదు.

ఆడనివారి కోసం రెండు ముక్కలు. 1991లో సిడ్ మైయర్ తొలి ఆట చేసినప్పటి నుంచి ఒప్పందం ఒక్కటే: క్రీస్తుపూర్వం 4000లో ఒక జాతిని చేతపట్టుకో, దాన్నే అంతరిక్షం దాకా నడిపించు. ఏడో భాగంలో ఆ దారిని ప్రాచీన, అన్వేషణ, ఆధునిక యుగాలుగా మూడు ముక్కలు చేశారు. యుగం మారినప్పుడల్లా నాయకుడు అలాగే ఉంటాడు, నాగరికత మారిపోతుంది. అశోకుడితో మొదలుపెట్టి మౌర్యులుగా, ఆ తర్వాత చోళులుగా, చివరికి మొగలులుగా ఆడవచ్చు.

యుగాంతంలో ఏం జరుగుతుందో చూడండి. రోము రాజధానిని ముట్టడించాను. కోటగోడ కూలింది, ఇక రెండు మూడు టర్న్‌ల పని. అంతలో యుగం మీటరు నిండింది. తెర మళ్లీ తెరుచుకునేసరికి యుద్ధం లేదు, ముట్టడి లేదు. కమాండర్ల కింద చేరని సైన్యంలో చాలా భాగం మాయం. రాజధాని తప్ప నా నగరాలన్నీ తిరిగి కింది మెట్టుకు, అంటే పట్టణాలైపోయాయి. ఓడిపోయి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నేను ఆడిన ఆటను ఎవరో మధ్యలో తుడిచేశారు.

మీరేమంటారు?

వేంగీవీరుడు

కోటగోడ గారూ, మీ బాధ అర్థమైంది, వాదన అర్థం కాలేదు. క్రీస్తుపూర్వం 4000లో అమెరికన్లు గుడిసెలు వేసుకుని ఈటెలతో తిరగడం మీకు ముప్ఫై ఏళ్లుగా సహజంగానే ఉంది. మౌర్యుల తర్వాత చోళులు వస్తే మాత్రం చరిత్ర కుప్పకూలిందా?

మన నేలనే తీసుకోండి. ఎర్రగుడిలో, రాజులమందగిరిలో అశోకుడి శాసనాలున్నాయి. ఆ తర్వాత శాతవాహనులు, ఇక్ష్వాకులు, తూర్పు చాళుక్యులు. 1070లో వేంగి చాళుక్య వంశంలో పుట్టిన రాజేంద్రుడు వెళ్లి కులోత్తుంగ చోళుడిగా చోళ సింహాసనం ఎక్కాడు. ఊళ్లు అవే, చెరువులు అవే, మనుషులూ వాళ్లే. పైన జెండా మారింది. ఏడో భాగం పట్టుకున్నది సరిగ్గా దీన్నే. కొత్త యుగంలో పాత కట్టడాల విలువ తగ్గుతుంది, వాటి మీదే కొత్తవి కడతాం. ఆధునిక యుగానికి వచ్చాక నగరాన్ని దగ్గరగా చూడండి. ఒక మూల పాత రాతి కట్టడం, పక్కనే మధ్యయుగపు గోపురం, వాటి వెనుక ఫ్యాక్టరీ పొగగొట్టం. ఈ వరుసలో నగరానికి వయసు కనిపించడం ఇదే మొదటిసారి.

చోళులను చూపిన తీరు మరీ ముచ్చటగా ఉంది. ఏదో ఏనుగును పెట్టి వదిలేయలేదు. అంజువణ్ణం, మణిగ్రామం అనే వర్తక సంఘాల పేర్లతో కట్టడాలు పెట్టారు. ఆ రెండూ ఒకేచోట కడితే ఐదువందల స్వాముల వాడ ఏర్పడుతుంది. ఐదువందల స్వాములనే పేరున్న అయ్యావళి వర్తకుల శాసనాలు చదివినవాడెవడో స్టూడియోలో ఉన్నాడన్నమాట. కాకతీయులు, విజయనగరం లేరన్న లోటు నాకూ ఉంది, అది వేరే సంగతి.

స్విచ్ రాయుడు

చరిత్ర మీరిద్దరూ తేల్చుకోండి. నేను డబ్బు సంగతి మాట్లాడతాను. విడుదలనాడు మామూలు కూర్పు ధర 70 డాలర్లు, అన్నీ కావాలంటే 130. అంత పోసి కొన్నవాడికి బ్రిటన్ లేదు! ఆధునిక యుగం అన్నారు, ఆవిరి యంత్రాలన్నారు, బ్రిటన్‌ను మాత్రం తర్వాత విడిగా అమ్మారు. ఇక తెర మీద సమాచారం చూడబోతే ఏ కట్టడం ఎంత ఇస్తుందో, ఎందుకు ఇస్తుందో చెప్పే దిక్కు లేదు. ముందస్తుగా ఆడినవాళ్లంతా మొత్తుకున్నాక సంస్థే ఒప్పుకుని, సరిచేస్తామంది.

పీసీకి, అన్ని కన్సోల్‌లకు ఒకేరోజు విడుదల చేయాలన్న తొందరే దీనికి కారణమని నా అనుమానం. చేతిలో పట్టుకుని ఆడే నాలాంటివాడికి అది వరమే అయినా, పెద్ద తెర ముందు కూర్చున్నవారికి కోపం రావడం న్యాయమే.

నదుల మీద ఓడలు నడవడం మాత్రం అద్భుతం. సముద్రం నుంచి లోపలికి వచ్చి, భద్రంగా ఉందనుకున్న నగరాన్ని ఓడలతో కొట్టడం ఇంతకుముందు ఏ భాగంలోనూ లేదు.

ఉప్పుసత్యాగ్రహి

విడుదలనాటికి గాంధీ లేడు. తొలి ఆట నుంచి ఆరో భాగం దాకా ఉన్న మనిషి. లోపం వల్ల తొలి ఆటలో గాంధీ అణుబాంబులు వేసేవాడన్న కథను సిడ్ మైయరే 2020లో తన ఆత్మకథలో కట్టుకథ అని తేల్చాడు. కట్టుకథైనా సరే, బాంబు పట్టుకున్న గాంధీ లేని సివిలైజేషన్ నాకు బోసిగా ఉంది. ఇంతకుమించి నాకు ఫిర్యాదు లేదు.

లెక్కలమాస్టారు

నాగరికత మారడం మీద ఇంత పోట్లాట అనవసరం. అసలు జబ్బు ఎక్కడుందో చూద్దాం.

ఐదు, ఆరు భాగాల్లో మనలో ఎంతమంది ఆటను చివరిదాకా ఆడారు? నూటయాభైయవ టర్న్‌కే ఎవరు గెలుస్తారో తేలిపోతుంది. మిగతాదంతా యూనిట్లను అటూ ఇటూ జరపడం, 'తర్వాతి టర్న్' నొక్కడం. చాలామంది ఆట పూర్తి చేయకుండానే వదిలేస్తున్నారని, ముందున్నవాడు ఇక అందకుండా పోతున్నాడని, అందుకే యుగాలు తెచ్చామని సృజన బాధ్యుడు ఎడ్ బీచ్ బాహాటంగానే చెప్పాడు. రోగ నిర్ధారణ సరైనదే. మందు దగ్గరే పేచీ.

ప్రతి యుగంలోనూ నాలుగు వారసత్వ మార్గాలు పెట్టారు. ప్రాచీన యుగంలో సంస్కృతి అంటే 7 అద్భుతాలు కట్టడం. విజ్ఞానం అంటే 10 గ్రంథాలు ప్రదర్శించడం. ఆర్థికం అంటే 20 వనరులు నగరాలకు కేటాయించడం. సైనికం అంటే 12 స్థావరాలు, జయించి తెచ్చుకున్నది రెండింటి కింద లెక్క. మొదటిసారి ఇవి చక్కని లక్ష్యాలు. నాలుగో ఆటకు వచ్చేసరికి పరీక్షల ముందు అమ్మే గైడులో చుక్క పెట్టిన ప్రశ్నల్లా తయారవుతాయి. రోమన్లుగా ఆడినా, మాయన్లుగా ఆడినా, హాన్ చైనాగా ఆడినా అవే ప్రశ్నలు, అవే మార్కులు. ఆధునిక యుగంలో సంస్కృతి గెలుపు మరీ అన్యాయం. అన్వేషకులను పంపి 15 పురావస్తువులు తవ్వించి, ప్రపంచ ప్రదర్శన కట్టించడమే సంస్కృతి! అంతకుముందు రెండు యుగాల్లో మీరు ఏం నిర్మించారన్నది దాదాపు అనవసరం.

కోటగోడ గారు నాగరికత పోయిందని బాధపడుతున్నారు. పోయింది నాగరికత కాదు, దారి తప్పి తిరిగే స్వేచ్ఛ. ఆరో భాగంలో ఎడారిలో పడ్డ మాలీతో ఆడితే ఆ ఆట మరెవరి ఆటలాగానూ ఉండేది కాదు. ఇక్కడ ఆట మొదలయ్యేసరికే ఏం చేయాలో పట్టిక చేతికిస్తున్నారు.

వేంగీవీరుడు

మాస్టారూ, ఆ పట్టికను పట్టించుకోకుండా కూడా ఆడవచ్చు కదండీ. నేను అన్వేషణ యుగంలో ఆర్థిక మార్గానికి కావలసిన నిధి ఓడ ఒక్కటి కూడా పంపకుండా ఆడాను, కొంపేమీ మునగలేదు. మంచి సంగతులు కూడా లెక్కలో వేయండి. కమాండర్ పద్ధతి ఒక్కటి చాలదా? ఆరో భాగంలో పది యూనిట్లను కనుమ దాటించాలంటే ఒక్కొక్కదాన్ని విడివిడిగా జరిపి, దారి మూసుకుపోయి, మళ్లీ వెనక్కి తిప్పి విసుగెత్తిపోయేది. ఇప్పుడు నాలుగు యూనిట్లను కమాండర్ కింద సర్దుకుని, కనుమ దాటాక సరిహద్దు దగ్గర దింపుకోవచ్చు. అనుభవం కూడా కమాండర్‌కే వస్తుంది కాబట్టి అతడు బతికి ఉండడం ముఖ్యం. యుద్ధానికి ఒక ముఖం వచ్చింది.

కూలి యూనిట్ల బెడద కూడా పోయింది. జనాభా పెరిగినప్పుడు ఏ నేల కావాలో చూపిస్తే చాలు, పొలమో గనియో దానంతట అదే వెలుస్తుంది.

ఇంకొకటి. ప్రతి భాగం వచ్చినప్పుడూ ఇదే గోల. 2010లో ఐదో భాగం వచ్చినప్పుడు, ఒక గడిలో ఒకే సైనిక యూనిట్ అన్నందుకు ఎన్ని తిట్లు తిన్నదో గుర్తులేదా? నాలుగో భాగంలో ఉన్న మతం, గూఢచర్యం ఎత్తేశారు. 2012 విస్తరణలో గాని మళ్లీ తేలేదు. ఈరోజు అదే ఐదో భాగాన్ని చూపించి ఏడును తిడుతున్నారు.

కోటగోడ

ఆ పోలిక నిలబడదు. ఐదో భాగం తీసేసినవి తిరిగి చేర్చగలిగినవి. మతం లేదు, తెచ్చారు. ఇక్కడ లోపం ఆట వెన్నెముకలోనే ఉంది. మూడో వంతు పాతది, మూడో వంతు మెరుగుపరిచినది, మూడో వంతు కొత్తది అని సిడ్ మైయర్ సూత్రం ఒకటి చెబుతారు. ఈసారి ఆ కొత్త మూడో వంతును తెచ్చి ఎవరూ తాకకూడని చోట పెట్టారు.

పైగా ఇది కొత్తదీ కాదు. యుగానికో సంస్కృతి మార్చుకునే పద్ధతి 2021లోనే ఆంప్లిట్యూడ్ సంస్థ వారి హ్యూమన్‌కైండ్ అనే ఆటలో వచ్చింది. ఎదుటివాడు ఎవరో గుర్తుపెట్టుకోలేక ఆడేవారు తికమకపడటం అందరూ చూశారు. ఇక్కడ నాయకుడి ముఖం మారదు కాబట్టి ఆ తికమక కొంత తగ్గిందని ఒప్పుకుంటాను. కానీ ఆ నాయకుల్లో రాజులు కాని మాకియవెల్లి, కన్ఫ్యూషియస్, యాత్రికుడు ఇబ్న్ బతూతా లాంటివాళ్లున్నారు. ఇబ్న్ బతూతా రోమన్లను నడిపించి, యుగం మారగానే నార్మన్లను నడిపిస్తుంటే, నా పొరుగున ఉన్నది ఎవరి దేశమని అనుకోవాలి? పగ పట్టడానికి కూడా ఒక పేరు ఉండాలి కదా.

ఆటలు అమ్మే స్టీమ్‌లో కొన్నవారి అభిప్రాయాలను బట్టి ఆటకు 'మిశ్రమం' అన్న ముద్ర పడింది. విడుదలైన తర్వాత కూడా ఆరో భాగం ఆడేవారే దీనికంటే ఎక్కువగా ఉన్నారు. వీళ్లంతా కొత్తదనం గిట్టని ముసలివాళ్లేనా?

వేంగీవీరుడు

ముసలివాళ్లని నేననలేదు. ఆరో భాగానికి రెండు పెద్ద విస్తరణలు, ఎనిమిదేళ్ల మెరుగులు, పైగా ఎప్పుడూ తక్కువ ధరకే దొరుకుతుంది. పసిపిల్లను తెచ్చి దాని పక్కన నిలబెట్టి ఎత్తు కొలవకండి.

లెక్కలమాస్టారు

70 డాలర్లు తీసుకున్నాక పసిపిల్ల అనడం కుదరదు. తయారుకాని తెరను అమ్మారు, దానికి సాకు లేదు.

అయితే కోటగోడ గారికి ఒక ప్రశ్న. ఒకే నాగరికతతో మూడు యుగాలూ ఆడే వీలును పరీక్షిస్తామని 2025 నవంబరులో ఆట తయారీ సంస్థ ఫిరాక్సిస్ ప్రకటించింది. మీరు అడిగిందే కదా. అది వస్తే సరిపోతుందా?

ఎందుకు అడుగుతున్నానంటే, ఈ ఆటలో ప్రతి నాగరికతనూ ఒక యుగం కోసమే చెక్కారు. చోళుల కట్టడాలు, ఓడలు, విధానాలు అన్నీ అన్వేషణ యుగపు నిధి ఓడల కాలానికి అమర్చినవి. వాళ్లను ఆధునిక యుగంలోకి లాక్కొస్తే చేతిలో ఏం మిగులుతుంది? మౌర్యులు ఫ్యాక్టరీల మధ్య మూడో యుగం అంతా ప్రత్యేకత ఏదీ లేకుండా కూర్చోవాలి. లేదంటే ప్రతి నాగరికతకూ మిగతా రెండు యుగాలకు కొత్త యూనిట్లు, కట్టడాలు గీయాలి. అంత పని చేస్తారా, పాత పేరును అలాగే ఉంచి చేతులు దులుపుకుంటారా అన్నదాన్ని బట్టే ఉంటుంది.

కోటగోడ

పేరు ఉంచినా నాకు చాలు మాస్టారూ. ఆరో భాగంలో కూడా నాగరికతకు ఒకటో రెండో ప్రత్యేక యూనిట్లే. అవి వెళ్లిపోయాక వందల టర్న్‌లు మామూలు సైన్యంతోనే ఆడాం. అయినా అది నా దేశమే అనిపించేది. కట్టడాలు గీయకపోయినా ఫర్వాలేదు, జెండా పీకకండి.

వేంగీవీరుడు

ఇదే నాకు భయం. అభిమానులు అరిచారని అసలు ఆలోచననే నీరుగార్చేస్తే రెంటికీ చెడ్డ రేవడి అవుతుంది. ఒకే నాగరికతతో ఆడేవారికి ఆట పలచబడుతుంది. మార్చుకుని ఆడే మాలాంటివాళ్లకు కొత్త నాగరికతలు చేయడానికి వారి దగ్గర మనుషులు మిగలరు. నాకు కావలసింది మధ్యలో ఇంకా దగ్గరి మెట్లు. మౌర్యుల నుంచి నేరుగా చోళులకు దూకకుండా మధ్యలో శాతవాహనులో చాళుక్యులో ఉంటే, కోటగోడ గారు కూడా ఇంతగా ఉలిక్కిపడేవారు కాదు. ప్రాచీన హాన్ నుంచి మింగ్‌కు, అక్కడి నుంచి చింగ్‌కు వెళ్లే చైనా దారిలో ఎవరికీ అభ్యంతరం రాలేదు, గమనించారా? ఈజిప్టు నుంచి ఎక్కడో పశ్చిమ ఆఫ్రికాలోని సోంఘైకి వెళ్లే దారి మీదే విడుదలకు ముందే నవ్వుకున్నారు. లోపం పద్ధతిలో లేదు, జాబితా పలచగా ఉండటంలో ఉంది.

లెక్కలమాస్టారు

ఇప్పటిదాకా ఈ చర్చలో నేను పూర్తిగా ఒప్పుకున్న మాట ఇదే.

బంటు

పెద్దలకు నమస్కారం. నేను ఈ వరుసలో ఒక్క ఆట కూడా ఆడలేదు. ఏది కొనాలి? మీ వాదన చదివాక ఇంకా అయోమయంలో పడ్డాను.

కోటగోడ

ఆరో భాగం, రెండు విస్తరణలతో కలిపి. తగ్గింపు ధరల కాలం దాకా ఆగు తమ్ముడూ.

వేంగీవీరుడు

పాత అలవాట్లు లేనివాడికి ఏడే సులువు. అశోకుడితో మొదలుపెట్టండి.

స్విచ్ రాయుడు

ముందు ఏ యంత్రం మీద ఆడతారో చెప్పండి. చేతిలో పట్టుకుని ఆడే నింటెండో స్విచ్ అయితే మ్యాప్ చిన్నది పెట్టుకోండి.

లెక్కలమాస్టారు

ఏడే కొంటే, మొదటి ఆటలో అమరికల్లోకి వెళ్లి యుగాంత సంక్షోభాలను ఆపేయండి. వాటి వల్ల వచ్చే ప్రతికూల విధానాలు కొత్తవాడిని హడలగొడతాయి. ప్రతి పట్టణాన్నీ బంగారం పోసి నగరంగా మార్చేయకండి. పట్టణంగా ఉన్నంతకాలం దాని ఉత్పత్తి అంతా బంగారంగా మారి మీ ఖజానాకే వస్తుంది. రెండు మూడు నగరాలు, మిగతావి పట్టణాలు, ఆ లెక్కలో మొదలుపెట్టండి. ప్రాచీన యుగం ముగిశాక వచ్చి ఏమైందో ఇక్కడ రాయండి, అప్పుడు మాట్లాడుకుందాం.