సైలెన్సర్ స్టడ్డు హెడ్డులోనే తెగిపోయింది, ఎలా తీయాలి?

చెరువుగట్టు_కొత్తపట్నం:
అన్నలూ, నా 100 సీసీ బండి ఎనిమిదేళ్లుగా రొయ్యల చెరువుల గట్ల మీదే తిరుగుతోంది. ఉప్పుగాలి, ఉప్పునీళ్ల తుంపర్లు. సైలెన్సర్ గాస్కెట్ పోయి పటపటమంటుంటే నిన్న సాయంత్రం నేనే విప్పడానికి కూర్చున్నాను. మొదటి నట్టు వచ్చేసింది. రెండోది కాస్త కదిలింది, ఆ తర్వాత పానా మెత్తగా, బంక లాగినట్టు తిరిగింది. హెడ్డులోకి (ఇంజిన్ పైభాగం) బిగించి ఉండే మర కడ్డీ, అదే స్టడ్డు, టక్కుమని తెగింది. స్టడ్డు ముక్క నాలుగు మిల్లీమీటర్లు బయటికి ఉంది, అంతే. తెగిన ముక్కలో బెజ్జం వేసి, అందులో దించి వెనక్కి తిప్పి తీసే ఈజీ అవుట్ సెట్టు కొనమంటారా?

లేత్_ఒంగోలు:
తమ్ముడూ, ఈజీ అవుట్ జోలికి ఇప్పుడే పోవద్దు. 6 మిల్లీ స్టడ్డే తిరగలేక తెగిందంటే మరల్లో తుప్పు ఎంత పట్టేసి ఉందో చూడు. దాని మధ్యలో బెజ్జం వేసి అంతకన్నా సన్నటి ఈజీ అవుట్‌తో తిప్పితే ఏది తెగుతుంది? అది గట్టి ఉక్కే, కానీ పెళుసు.

నాలుగు మిల్లీ బయట ఉండటం నీకు మంచిదైంది. ఈ రాత్రికి తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, చిన్న సుత్తితో ముక్క నెత్తిన మెల్లగా పది దెబ్బలు వెయ్యి. అదిరితేనే ఆయిల్ మరల్లోకి దిగుతుంది. రేపు ట్యాంకు దించి, బ్యాటరీ వైర్లు విప్పి, వెల్డింగ్ అతన్ని పిలువు. ముక్క మీద 8 మిల్లీ నట్టు పెట్టి లోపలి ఖాళీని వెల్డింగ్‌తో నింపమను. ఎర్త్ క్లాంపు ఇంజిన్‌కే, స్టడ్డుకు దగ్గరలో పెట్టాలి. హెడ్డు అల్యూమినియం కాబట్టి స్టీలు వెల్డింగ్ దానికి అతుక్కోదు, భయం లేదు. నట్టు అతకడం సగం పనే. ఆ వేడికి స్టడ్డు ఉబ్బి, చల్లారేటప్పుడు ముడుచుకుని తుప్పు పట్టు వదులుతుంది చూడు, అదీ అసలు పని.

మూలాపేట_నెల్లూరు:
ఆయన మాట వినండి. పోయినేడు నేను వినలేదు. తెగిన బోల్టులో ఈజీ అవుట్ దించి రెండు చేతులతో తిప్పాను, లోపలే విరిగింది. దాని మీద డ్రిల్ బిట్టు జారిపోతుందే గానీ గీత కూడా పడలేదు. రెండు బిట్లు మొద్దుబారాయి, బెజ్జం పక్కకు పోయి అల్యూమినియంలోకి దిగింది. చివరికి హెడ్డు ఊడదీసి ఆటోనగర్‌లో లేత్‌కి ఇచ్చాను. కార్బైడ్ బర్రుతో (గట్టి ఉక్కును కూడా అరగదీసే బిట్టు) ఆ ముక్కను అరగదీసి, పెద్ద బెజ్జం చేసి, మర ఉన్న బుష్ వేసి ఇచ్చారు. బండి లేక నాలుగు రోజులు ఆటోల్లో తిరిగాను.

చీమకుర్తి_టిప్పర్:
మా గ్రానైట్ లారీలకు తెగేవి వీల్ స్టడ్లు. అవి హబ్బులో బిగుతుగా దిగగొట్టి ఉంటాయి కాబట్టి డ్రిల్ అవసరం లేదు, వెనక్కి కొట్టి కొత్తది ఎక్కించడమే. ఒకటి తెగితే మాత్రం దాని రెండు పక్కలవీ మార్చేస్తాను. తెగినదాని బరువు అప్పటిదాకా మోసింది అవే. ఇంకో మాట, పాత లారీలు కొన్నిటికి ఎడమ వైపు చక్రాలకు ఎడమ మర ఉంటుంది. కొత్త కుర్రాళ్లు అది తెలియక పైపు తగిలించి బిగించే వైపే లాగి తెంపేస్తారు. పానా వేసే ముందు మర ఎటు ఉందో చూడాలి.

చెరువుగట్టు_కొత్తపట్నం:
వచ్చేసింది అన్నా! మొదటిసారి అతికిన నట్టు ఊడి వచ్చింది, ప్రాణం ఉసూరుమంది. ముక్కను బ్రష్‌తో తెల్లగా రుద్ది మళ్లీ అతికించాం. ఎరుపు పోయేదాకా ఆగి, కొవ్వొత్తి ఆనించాను. మైనం కరిగి మరల్లోకి పీల్చుకుపోయింది. లాగకుండా అటు కొంచెం, ఇటు కొంచెం ఆడించాను. కిర్రుమంది. ఆ చప్పుడు విన్నాక ఇంకో పావుగంట అలాగే ఆడిస్తే చేతికి వచ్చింది. మరల నిండా ఎర్రటి పొడి. కొత్తది ఎలా బిగించాలి?

లేత్_ఒంగోలు:
చాలా సంతోషం తమ్ముడూ. ముందు 6 మిల్లీ ట్యాప్ (బెజ్జంలో మరలు కోసే పనిముట్టు), 1 మిల్లీ పిచ్‌ది, అంటే మరకూ మరకూ మధ్య 1 మిల్లీ దూరం ఉన్నది, చేత్తోనే నడిపి తుప్పు పొడి తీసెయ్యి. స్టడ్డుకు మరలు పట్టెయ్యకుండా వేసే, వేడికి తట్టుకునే యాంటీ సీజ్ పేస్టు రాయి, మామూలు గ్రీజు కాలిపోతుంది. ఇనప నట్ల బదులు ఇత్తడివి వేసుకో, అవి స్టడ్డును పట్టెయ్యవు. పొట్టి పానాతో రెండు వైపులా కొంచెం కొంచెంగా బిగించు. తెగకుండా మిగిలిన ఆ ఇంకో స్టడ్డు కూడా ఎనిమిదేళ్లదే కదా, సైలెన్సర్ విప్పి ఉండగానే దాన్నీ వేడి చేసి మార్చెయ్యి.