మిక్స్ పిల్లి కూనకు మూడు వేల 'దత్తత ఫీజు': ఇవ్వాలా, వద్దా?

కూకట్‌పల్లి నాన్న:
మా పాప పిల్లి కావాలని ఏడాదిగా ప్రాణం తోడేస్తోంది. మొన్న ఒకావిడ పెట్టిన ప్రకటన చూశాం. తల్లి పర్షియన్ (బొచ్చు ఎక్కువుండే జాతి), తండ్రి ఎవరో తెలియదట, వీధి గండుపిల్లే అయ్యుంటుంది. పది వారాల ఆడ కూన. బూడిద రంగు, కుచ్చు తోక. పాప ఫొటో చూసినప్పటి నుంచి పేర్లు వెతుకుతోంది. 'దత్తతకు మాత్రమే' అని రాసి, కింద 3,000 ఫీజు అన్నారు. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గది వెనక నాలుగు కూనలున్నాయి, వాటికి పైసా అడిగేవాళ్లు లేరు. ఇలా తీసుకోవడం మామూలేనా? ఎంతవరకు ఇవ్వొచ్చు?

గోదారి గట్టు:
మూడు వేలా! మా వైపు పిల్లి పిల్లలు పెట్టిందంటే ఎవరో ఒకరు పట్టుకెళ్తే చాలనుకుంటారు. ఏడిళ్లు తిప్పుతుంది, ఏడో ఇంటివాళ్లు పాలు పోస్తారు, అంతే. గోడ దూకి వచ్చిన గండుపిల్లికి ఆవిడేమైనా ఖర్చు పెట్టిందా? తోక కాస్త కుచ్చుగా ఉందని రేటు కట్టారు. అది బూడిద రంగు నాటు పిల్లి అయ్యుంటే 'దయచేసి ఎవరైనా తీసుకెళ్లండి' అని రాసేవాళ్లు.

పిల్లులమ్మ:
గట్టు గారూ, మీ ఆఖరి వాక్యం నిజమే, దాని సంగతి తర్వాత చెప్తాను. ముందు లెక్క చూడండి. నేను సికింద్రాబాద్‌లో వీధి కూనల్ని చేరదీసి ఇళ్లకు ఇస్తుంటాను. ఒక కూనను ఇచ్చేముందు నట్టల మందు రెండు వారాలకోసారి వేయాలి. ఎనిమిది వారాలు దాటాక మూడు వైరస్ జబ్బులు రాకుండా వేసే ట్రైక్యాట్ టీకా, మూడు నాలుగు వారాలకు రెండో డోసు. మా దగ్గర డోసు 800 నుంచి 1,200 దాకా అవుతుంది. మూడు నెలలకు రేబిస్ టీకా, ఇంకో మూడు నాలుగు వందలు. తిండి, దొడ్డికి పెట్టే ఇసుక ఈ లెక్కలోకి రావు. రెండు డోసులూ పూర్తయితే మూడు వేలు అక్కడికక్కడే సరిపోతాయి.

టీకా ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు వచ్చిన కూనను చూడాలి. నీళ్ల గిన్నె ముందు తల వేలాడేసి కూర్చుంటుంది. దాహం ఉన్నట్టే ఉంటుంది, మూతి నీళ్లకు తగులుతూనే ఉంటుంది, తాగదు. పొద్దున బొంగరంలా తిరిగిన కూన మర్నాటికి లేవలేని స్థితికి వస్తుంది. ఒక కూనకు వస్తే ఆ ఈతలో మిగతావి దక్కడం కూడా కష్టం. సెలైన్లు, ఇంజెక్షన్లు పెట్టిస్తే రోజుకు వెయ్యి ఎక్కడికి పోతుందో తెలియదు.

ఇంకో మాట. మూడు వేలకు బేరమాడే మనిషి, ఇంకో మూడు నెలల్లో పిల్లలు పుట్టకుండా చేయించే ఆపరేషన్‌కు ఐదారు వేలు తీస్తాడా అని నాకు టెన్షన్. నేను ఫీజు అడగడానికి సగం కారణం అదే.

గోదారి గట్టు:
అంటే డబ్బున్నోడికే పిల్లి అన్నమాట. మా వీధిలో ఒక టైలరమ్మ ఉంది. మధ్యాహ్నం చేపల మార్కెట్‌లో తలకాయలు అడిగి తెచ్చి, అన్నంలో పిసికి మూడు పిల్లులకు పెడుతుంది. మెషీన్ కింద బట్టముక్కల బుట్టలో పడుకుంటాయి అవి. ఆమెను మూడు వేలు అడిగితే నవ్వుతుంది. మీ లెక్కన ఆమెకు పిల్లిని ఇవ్వకూడదు. పిల్లికి బిచ్చం పెట్టని వాళ్లు బోలెడుమంది జేబులో డబ్బుతోనే తిరుగుతున్నారు.

పిల్లులమ్మ:
ఆ టైలరమ్మ అడిగితే నా ఆటో ఖర్చుతో నేనే తెచ్చిస్తాను. ఫీజు అందరికీ ఒకేలా ఉండాలని ఎవరన్నారు? అయితే ఆమె మూడు పిల్లుల్లో ఆడవి ఎన్ని, ఆపరేషన్ అయిందా అని మాత్రం అడుగుతాను.

పాతబస్తీ పావురం:
అన్నా, మార్కెట్ రేట్లు తెలియకుండా కొట్టుకుంటున్నారు. పర్షియన్లలో ముక్కు మామూలుగా ఉంటే డాల్ ఫేస్, కాస్త అణిగితే సెమీ పంచ్, లోపలికి పోతే పంచ్ ఫేస్. నేను చూసినంతలో డాల్ ఫేస్ ఎనిమిది పది వేలు, పంచ్ ఇరవై పైమాటే. మీరు చెప్పిన లాంటి మిక్స్ కూనను స్నానం చేయించి, బొచ్చు దువ్వి, 'డాల్ ఫేస్' అని ఐదారు వేలకు అమ్మేవాళ్లున్నారు. రెండు నెలల వయసులో బొచ్చు చూసి మనం ఏం కనిపెడతాం? ఆ రకంగా చూస్తే తండ్రి తెలియదని ముందే చెప్పినావిడ నయం.

మూడు రంగుల పిల్లి 'చాలా అరుదు' అని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. ఏ వీధిలో చూసినా ఒకటుంటుంది. అది దాదాపు ఎప్పుడూ ఆడదే. మగది పుట్టడం అరుదు, పుట్టినా సాధారణంగా దానికి పిల్లలు కలగవు. ఇది తెలియక 'మూడు రంగుల మగది, అదృష్టం' అంటే ఎగబడేవాళ్లను చూశాను.

కరీంనగర్ కాంపౌండర్:
పశువైద్యశాలలో పనిచేస్తాను కాబట్టి రెండు మాటలు. ఫీజు ఎక్కువా తక్కువా అనేముందు టీకా కార్డు అడగండి. ఒట్టి పుస్తకం కాదు. టీకా సీసా మీది స్టిక్కర్ అంటించి ఉండాలి, పక్కన తేదీ, డాక్టర్ సంతకం, ముద్ర ఉండాలి. స్టిక్కర్ లేకుండా పెన్నుతో 'టీకా వేశాం' అని రాసి తెచ్చిన కార్డులు మా దగ్గరికి బాగానే వస్తుంటాయి. వాటికి మళ్లీ మొదటి నుంచి వేయడమే.

మిక్స్ అయితే జబ్బులుండవని ఇక్కడ ఎవరూ అనలేదు గానీ బయట చాలామంది అనుకుంటారు. పర్షియన్లలో మూత్రపిండాల్లో నీటి తిత్తులు పెరిగే పీకేడీ అనే వంశపారంపర్య జబ్బు ఉంది. తల్లికో తండ్రికో ఒక్కరికి ఉన్నా చాలు, పుట్టే ప్రతి కూనకూ సగం అవకాశం. తండ్రి వీధి పిల్లి అయినంత మాత్రాన తల్లి నుంచి వచ్చేది ఆగదు. తల్లి వయసు, ఆరోగ్యం అడగండి.

అసలు నేనైతే మొదట అడిగేది ఇంకోటి. ఆ తల్లికి ఆపరేషన్ చేయించారా? పొరపాటున ఒకసారి దాటితే ఎవరూ తప్పుపట్టరు. కానీ పిల్లి రెండు నెలలు మోస్తుంది, పాలిస్తూనే మళ్లీ ఎదకు రాగలదు. ఏడాదికి రెండు మూడు ఈతలు, ఈతకు నాలుగు కూనలు, కూనకు మూడు వేలు. అలా సాగితే దాన్ని ఏ పేరుతో పిలిచినా వ్యాపారమే. ఆపరేషన్ అయితే ఆ మూడు వేలు నిశ్చింతగా ఇవ్వండి. లేదంటే వెయ్యి అడిగినా ఎక్కువే.

డల్లాస్ చిన్నోడు:
మాకిక్కడ షెల్టర్‌లో 100 డాలర్లు తీసుకున్నారు. ఆపరేషన్, మొదటి టీకాలు, చర్మం కింద పెట్టే గుర్తింపు మైక్రోచిప్ అన్నీ చేసే ఇచ్చారు. బయట ఆపరేషన్‌కే అంతకంటే ఎక్కువవుతుంది కాబట్టి ఫీజు గురించి ఎవరూ గొడవపడరు. గొడవంతా అపార్ట్‌మెంట్‌తో. పిల్లికి డిపాజిట్ వేరు, నెలనెలా 25 డాలర్లు అద్దె వేరు.

గోదారి గట్టు:
పిల్లికి అద్దెనా! మావాడు పిల్లి అనుకుని ఇంట్లో పెట్టుకుంటే అది కిరాయిదారు అయిందన్నమాట.

కాంపౌండర్ గారు చెప్పింది మాత్రం ఒప్పుకుంటున్నాను. తల్లి సంగతి తేలాక ఫీజు సంగతి.

కూకట్‌పల్లి నాన్న:
ఫోన్ చేశాను. ఒక ట్రైక్యాట్ డోసు అయింది, కార్డు ఫొటో పంపారు, స్టిక్కర్ ఉంది. రెండోది మనమే వేయించుకోవాలి. తల్లి గురించి అడిగితే కాసేపు ఆగి, 'ఇంకో ఈత అయ్యాక చేయిస్తాం, మా బంధువులు కూడా ఒకటి అడిగారు' అన్నారు. ఇది రెండో ఈతట. నేను మూడు వేలూ తల్లి ఆపరేషన్‌కు నేరుగా డాక్టర్ దగ్గర కడతానన్నాను. ఆవిడకు కోపం వచ్చింది.

పిల్లులమ్మ:
వదిలేయండి. ఇందాక గట్టు గారి మాట తర్వాత చెప్తానన్నాను కదా. కుచ్చు తోక కూనలకు నా దగ్గర ఒక్కరోజులో పది ఫోన్లు వస్తాయి. నల్లవాటికి, చారల నాటువాటికి నెలలు పడుతుంది, ఉచితమన్నా సరే. అందుకే నేను కుచ్చు తోకవాటికి ఫీజు పెంచి, ఆ డబ్బుతో నాటువాటికి టీకాలు వేయిస్తాను. ఆవిడ అలా చేయడం లేదు.

పాతబస్తీ పావురం:
మేడమ్, మరి ఆ కూన చేసిన తప్పేంటి? ఈయన తీసుకోకపోతే రేపు ఇంకొకరు తీసుకెళ్లి, ఆడది కాబట్టి దానితోనూ పిల్లలు పెట్టిస్తారు. ఈయన తీసుకుంటే కనీసం దీనికైనా ఆపరేషన్ అవుతుంది. నేనైతే తీసుకుంటాను.

పిల్లులమ్మ:
ఈ మాట విన్నప్పుడల్లా నాకూ మనసు ఊగుతుంది. కానీ నాలుగు కూనలూ నాలుగు రోజుల్లో పోతే ఆవిడ మూడో ఈతకు ఇంకాస్త ధైర్యం చేస్తుంది. నా సలహా మారదు.

కూకట్‌పల్లి నాన్న:
ఇంట్లోనూ ఇదే గొడవ. మా ఆవిడ పావురం గారి పక్షం, నేను ఇటు. వాచ్‌మన్ గది వెనకవాటిలో ఒకదాన్ని తీసుకుంటే ఎంతవుతుంది?

కరీంనగర్ కాంపౌండర్:
కూన ఉచితం, మిగతాది అంతా అదే ఖర్చు. రెండు ట్రైక్యాట్, రేబిస్ కలిపి రెండు నుంచి మూడు వేలు. ఆడదైతే ఆపరేషన్ ప్రైవేటులో ఐదు వేల అటూ ఇటూ, మగదైతే అందులో సగం. తిండి, ఇసుక నెలకు పదిహేను వందల నుంచి రెండు వేలు. మొదటి ఏడాది పాతిక ముప్పై వేలు అనుకోండి. ఇంట్లో కోడి, చేప ఉడకబెట్టి పెడితే కొంత తగ్గుతుంది. ఆవు పాలు మాత్రం పోయకండి, విరేచనాలవుతాయి. ప్రభుత్వ పశువైద్యశాలలో అడిగితే టీకా ఖర్చు కొంత కలిసొస్తుంది. ఏటా జులై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకు వచ్చే జబ్బుల దినం) సందర్భంగా రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. క్యూలో అంతా కుక్కలే ఉంటాయి, కాబట్టి కూనను మూతున్న బుట్టలో తీసుకెళ్లండి.

ఒక కూనను తీసుకునేటప్పుడు వాచ్‌మన్‌తో మాట్లాడి దాని తల్లిని కూడా పట్టించండి. ఆపరేషన్‌కు అపార్ట్‌మెంట్‌లో ఇంటికో వంద వేసుకుంటే సరిపోతుంది.

గోదారి గట్టు:
వంద అడిగి చూడండి, అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో దీనికంటే పెద్ద చర్చ నడుస్తుంది.