ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, దారిఖర్చులకు మూడు వందలు: ఇవ్వాలా, వద్దా?

ప్రశ్న (అమీర్‌పేట వాసి):

జూన్ నెలాఖరున అమీర్‌పేట మెట్రో స్టేషను మెట్లు దిగుతుండగా నలభై అయిదేళ్ల మనిషి ఒకాయన "సార్, తప్పుగా అనుకోకండి" అంటూ పలకరించారు. నలగని ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు, చేతిలో స్కానింగ్ రిపోర్టుల ఫైలు. తమది కరీంనగర్ అనీ, సిటీ బస్సులో పర్సూ ఫోనూ కొట్టేశారనీ, మూడు వందలు ఇస్తే ఊరు చేరగానే ఫోన్‌పే చేస్తాననీ చెప్పి, నా నంబరును ఫైలు అట్ట వెనుక శ్రద్ధగా రాసుకున్నారు. ఇచ్చాను. డబ్బు తిరిగి రాలేదు, అందుకు పెద్దగా బాధపడలేదు కూడా. అయితే మూడు వారాల తర్వాత సికింద్రాబాద్ స్టేషను ఎదుట అదే మనిషి, అదే ఫైలుతో, అదే "తప్పుగా అనుకోకండి"తో నా ముందుకే వచ్చి నిలబడ్డారు. నన్ను ఆయన గుర్తుపట్టలేదు. అట్ట వెనుక ఒకదాని కింద ఒకటిగా పది పన్నెండు నంబర్లున్నాయి, వాటిలో నాదీ ఎక్కడో ఉండే ఉంటుంది.

అసలు ప్రశ్న ఆయన గురించి కాదు. గత ఆదివారం జూబ్లీ బస్ స్టేషను, అదే జేబీఎస్‌లో ఒకామె, ఏడెనిమిదేళ్ల పిల్లవాడితో, ఇంచుమించు ఇదే కష్టం చెప్పుకుంటే, వినకుండానే ముఖం తిప్పుకుని వచ్చేశాను. ఎండకు ఆ పిల్లవాడు తల్లి కొంగును నెత్తిన కప్పుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పింది నిజమే అయితే నేను చేసిందేమిటన్న ఆలోచన నన్ను వదలడం లేదు. ఇలాంటప్పుడు మీరు ఏం చేస్తారు?

జవాబు (మూసీ ఒడ్డు):

చిరిగిన బట్టల మనిషికి చిల్లర ఇస్తాం, ఇస్త్రీ చొక్కాకు ఏకంగా ఛార్జీలు ఇస్తాం. ఎందుకంటే ఆ చొక్కాలో మనల్ని మనమే చూసుకుంటాం. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాద్ పోలీసులు రెండు నెలలపాటు యాచనను నిషేధించినప్పుడు, కూడళ్ల దగ్గరి నిరుపేదలను ఆశ్రయ కేంద్రాలకు తరలించారు. మీ ఫైలాయన లాంటివారు అప్పుడు కూడా నిక్షేపంగానే తిరిగి ఉంటారు, వారిని చూసి యాచకులని ఎవరనుకుంటారు? "హిందీ ఆతా హై క్యా?" అని మొదలుపెట్టి, మేస్త్రీ కూలి డబ్బు ఎగ్గొట్టాడని చెప్పే కుటుంబాల కథ కూడా ఈ నగరంలో ఏళ్లుగా వింటున్నదే.

జవాబు (విశ్రాంత రైల్వే బుకింగ్ క్లర్కు):

డబ్బు ఇవ్వకుండా టికెట్ కొనిపెడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ముప్పై ఏళ్లకు పైగా కౌంటరులో కూర్చున్నవాణ్ణి కనుక ఒక మాట చెబుతాను. కౌంటరులో కొన్న జనరల్ టికెట్‌ను కాసేపటికే తిరిగి ఇచ్చేసి, రద్దు రుసుము పోను మిగతా సొమ్ము తీసుకునే వీలుంది. దాతగారు మెట్లెక్కి కనుమరుగైన పది నిమిషాలకు అదే టికెట్ నా కిటికీ ముందుకు తిరిగి రావడం నేను ఎన్నోసార్లు చూశాను. నిబంధన ప్రకారం డబ్బు లెక్కపెట్టి ఇవ్వడం తప్ప నేను చేయగలిగింది ఉండేది కాదు. బస్సు సంగతి వేరు. ఆమెను కరీంనగర్ బస్సు దగ్గరకు తీసుకువెళ్లి కండక్టరు చేతికే ఛార్జీ ఇస్తే, ప్రయాణం చేయవలసినవారు ఎక్కి కూర్చుంటారు, మిగిలినవారు "వద్దులెండి" అంటూ జారుకుంటారు.

మరొక సంగతి. తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో 2023 డిసెంబరు 9 నుంచి ఈ రాష్ట్రపు మహిళలకు ప్రయాణం ఉచితం. అంతమాత్రాన ఛార్జీ అడిగిన ప్రతి స్త్రీ అబద్ధమాడుతోందని అనుకోకూడదు. ఉచిత టికెట్‌కు గుర్తింపు కార్డు చూపించాలి, పర్సు నిజంగా పోతే కార్డు కూడా దానితోనే పోతుంది.

జవాబు (కృష్ణలంక):

ఆ ఇస్త్రీ చొక్కాలో నేనూ ఒకసారి నిలబడ్డాను. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషనులో సంచి పోయింది, అందులోనే ఫోనూ పర్సూ. ఆ ఉదయం ఇంటర్వ్యూ కాబట్టి టక్ చేసుకుని, టై కూడా కట్టుకుని ఉన్నాను. నలుగురిని అడిగాను. మొదటి ఆయన నా టై వైపు చూసి నవ్వారు. ఆ తర్వాత టై విప్పి జేబులో పెట్టుకున్నాను, దానివల్ల ఒరిగిందేమీ లేదు. అయిదోసారి టీకొట్టు ఆయన దగ్గరకు వెళ్లి, "డబ్బు వద్దండీ, మా అమ్మకు ఒక్క ఫోను చేయండి" అన్నాను. నాకు కంఠతా వచ్చిన నంబరు అదొక్కటే. ఆయన ఫోను నా చేతికి ఇవ్వలేదు, తానే కలిపి స్పీకరులో పెట్టారు. అమ్మ ఆయన ఖాతాకు అయిదు వందలు పంపింది, ఆయన గల్లాపెట్టెలోంచి నోట్లు తీసి నాకిచ్చి, టీ డబ్బులు మాత్రం పట్టుకోలేదు. అప్పటి నుంచి నన్నెవరు డబ్బు అడిగినా, "మీవాళ్ల నంబరు చెప్పండి, కలుపుతాను" అంటాను. కష్టంలో ఉన్నవారు ఆ మాటకు ఎంత తేలికపడతారో నాకు తెలుసు.

జవాబు (లెక్కల మనిషి):

కృష్ణలంక గారి టీకొట్టు ఆయన మంచివారు, అదృష్టవంతులు కూడా. ముక్కూ మొహం తెలియనివారి నుంచి మీ ఖాతాకు వచ్చిన సొమ్ము మరెక్కడో మోసపోయినవారిది కావచ్చు. వారు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫిర్యాదు చేస్తే, డబ్బు ప్రయాణించిన దారి వెంట బ్యాంకులు ఖాతాలను నిలిపివేస్తాయి. మా వీధి కిరాణా ఆయనకు ఇదే జరిగింది, ఖాతా తెరిపించుకోవడానికి నెలల తరబడి తిరిగారు. కాబట్టి ఫోను కలపండి, నోట్లు మాత్రం మార్చి ఇవ్వకండి. ఇంట్లోవాళ్లనే ఆన్‌లైన్‌లో టికెట్ తీసి, వివరాలు మీ ఫోనుకు పంపమనండి. ఎవరూ ఫోను ఎత్తకపోతే, రైల్వే స్టేషనులో అయితే రైల్వే హెల్ప్‌లైన్ 139కి, బయట అయితే పోలీసు సాయానికి 112కు ఫోను చేయండి. పోలీసు పేరెత్తగానే తగ్గిపోయేవారందరూ మోసగాళ్లేనని నేను అనను, పోలీసులంటే భయపడే పేదవారు మన దగ్గర చాలామందే ఉన్నారు.

అమీర్‌పేట వాసి:

అందరికీ ధన్యవాదాలు. కండక్టరు చేతికే ఛార్జీ ఇవ్వాలన్న ఆలోచన ఆ రోజు నాకు తట్టనే లేదు. కరీంనగర్ బస్సు మాకు పాతిక అడుగుల దూరంలో, ఇంజను ఆన్‌లో ఉంచి నిలబడి ఉంది. నిన్న సాయంత్రం అటు పని లేకపోయినా జేబీఎస్ వెళ్లి, బస్సుల రాకపోకలు చూసే కంట్రోలరు గది ఎక్కడుందో చూసి వచ్చాను.